చలికి వణికే ఇంజనూ, ముడుచుకునే బ్యాటరీ

మనిషికి చలి వేస్తుంది, పశువుకు చలి వేస్తుంది, మరి ఇనుముకు వేస్తుందా? పట్నంలో ఈ ప్రశ్న అడిగితే నవ్వుతారు. మా ఊళ్లో అడిగితే మాత్రం "ఎయ్యకేంది, మా ట్రాక్టర్‌ను అడుగు" అంటారు. మాది ఆదిలాబాద్ జిల్లా, బోథ్ దిక్కు పల్లె. పుష్యమాసంలో తెల్లవారుజామున ఐదారు డిగ్రీల చలికి పత్తిచేను మీద మంచు పొగలా లేస్తుంది. ఆ వేళ ట్రాక్టర్ తాళంచెవి తిప్పితే ఇంజను మూలుగుతుందే గాని లేవదు.

సావనీరుకు ఏదైనా విజ్ఞానశాస్త్ర వ్యాసం వ్రాసి ఇవ్వమని సంపాదకవర్గంలోని సీనియర్ అక్కలు అడిగినప్పుడు, నక్షత్రాల గురించి వ్రాద్దామని నాకూ అనిపించింది. కాని నక్షత్రాల మీద ప్రతి సంవత్సరమూ ఎవరో ఒకరు వ్రాస్తూనే ఉన్నారు. పైగా గత చలికాలం నుండి మా ఇంట్లో ఒక తగవు నడుస్తున్నది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో ఉంటున్న మా అక్కాబావలు ఒక పాత హైబ్రిడ్ కారు కొన్నారు. చలికాలంలో దాన్ని ఎలా వేడి చేయాలన్నదే తగవు. అక్క ఒక మాట, బావ ఒక మాట, ఇక్కడి నుండి ఫోనులో బాపు ఒక మాట. బి.యస్సీ. చదువుతున్నానని మధ్యవర్తిత్వం నా మీద పడింది. ఆ మధ్యవర్తిత్వం కోసం చదివినదీ, లెక్క వేసినదీ, ప్రయోగశాలలో చూసినదీ ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందు ట్రాక్టర్ సంగతి చూద్దాం. అది అర్థమైతే హైబ్రిడ్ సగం అర్థమైనట్టే.

డీజిలు ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. గాలిని సిలిండరులో గట్టిగా నొక్కితే అది వేడెక్కుతుంది. ఆ వేడిగాలిలోకి డీజిలును తుంపరగా చల్లితే తనంతట తానే అంటుకుంటుంది. స్థిరోష్ణక ప్రక్రియ అని మనం భౌతికశాస్త్రంలో చదువుకున్నది ఇదే. సూత్రం పెట్టి లెక్క వేసి చూశాను. గాలిని పదిహేడో వంతుకు నొక్కుతామనుకుందాం, గామా విలువ 1.4. బయట 30 డిగ్రీలున్న రోజున లోపలి గాలి ఆదర్శ లెక్క ప్రకారం సుమారు 668 డిగ్రీలకు చేరుతుంది. బయట 5 డిగ్రీలుంటే 590 దగ్గరే ఆగిపోతుంది. అనగా బయట తేడా 25 డిగ్రీలే, లోపల మాత్రం 78 డిగ్రీలు! చలి చేసే నష్టం సిలిండరులోకి పోయేసరికి మూడింతలు అవుతున్నది.

అయినా 590 డిగ్రీలు తక్కువేం కాదు కదా, డీజిలు అంటుకోవడానికి అంత వేడి అక్కరలేదు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కాని ఆ లెక్క, గాలి లోపలి వేడి ఏమాత్రమూ బయటికి పోదనుకుని వేసినది. ఇంజను మెల్లగా తిరుగుతుంటే, చల్లబడ్డ ఇనుపగోడలు ఆ వేడిని పీల్చేస్తాయి, కొంత గాలి పిస్టను రింగుల సందుల్లోంచి జారిపోతుంది, డీజిలు బొట్లు ఆవిరి కావడానికి జాప్యం అవుతుంది. కనుక చలిలో ఇంజను లేవాలంటే మామూలుకంటే వేగంగా తిప్పాలి. సరిగ్గా అప్పుడే తిప్పేవాడికి బలం తగ్గుతుంది. ఆ తిప్పేవాడే బ్యాటరీ.

సీసం పలకలు, గంధకామ్లం కలిసిన మామూలు బ్యాటరీలో కరెంటు పుట్టేది రసాయనిక చర్య వల్ల. చలిలో ఏ రసాయనిక చర్య అయినా మందగిస్తుంది. ఆమ్లం చిక్కబడి, అయానులు పలకల రంధ్రాల్లోకి చొరబడడం ఆలస్యమవుతుంది. బ్యాటరీ అంతర్నిరోధం పెరుగుతుంది. సున్నా డిగ్రీల దగ్గర దాని శక్తి ఐదో వంతు దాకా తగ్గుతుంది. సున్నాకు దిగువన 18 డిగ్రీల దగ్గర సగానికి దిగుతుంది. అదే చలికి ఇంజనాయిలు ఆముదంలా చిక్కబడి, తిప్పడానికి ఎక్కువ బలం అడుగుతుంది. ఇచ్చేది తగ్గె, అడిగేది పెరిగె. రైతు ఇంటి లెక్కలా లేదూ?

ఇంకొక వింత కూడా ఉంది. బ్యాటరీ నిండా ఛార్జి ఉంటే ఆమ్లం గాఢత ఎక్కువ, విశిష్టసాంద్రత 1.26 పైన ఉంటుంది. అలాంటి ఆమ్లం సున్నాకు దిగువన 50 డిగ్రీలకు కూడా గడ్డకట్టదు. ఛార్జి పూర్తిగా పోయిన బ్యాటరీలో మిగిలేది దాదాపు నీళ్లే. అది సున్నాకు దిగువన ఏడెనిమిది డిగ్రీలకే గడ్డకట్టి, డబ్బాను పగలగొట్టగలదు. మన జిల్లాల్లో అంత చలి రాదు గనక బతికిపోయాం. డీజిలు గడ్డకట్టిందని మా వైపు కొందరు అంటారు గాని అది కూడా నిజం కాదు. చలికాలంలో మన దేశంలో అమ్మే డీజిలు పారే హద్దు 3 డిగ్రీలకు మించకూడదని ప్రమాణం ఉంది, మిగిలిన కాలంలో 15 డిగ్రీలు. లడఖ్‌లాంటి చోట్లకు అది చాలదు గనక, 2019లో ఇండియన్ ఆయిల్ వారు సున్నాకు దిగువన 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేక డీజిలును అక్కడ ప్రవేశపెట్టారు.

మరి బాపు ఏం చేస్తాడు? రాత్రి ట్రాక్టర్‌ను దిబ్బ మీద, దిగుడు వైపు మొహం పెట్టి నిలబెడతాడు. బ్యాటరీ మొరాయిస్తే దొర్లించి గేరు వేయడానికి. బానెట్ మీద గోనెసంచులు కప్పుతాడు. మరీ చలిగా ఉంటే కాగులో గోరువెచ్చని నీళ్లు తెచ్చి రేడియేటరులో పోస్తాడు. ఈ మూడూ శాస్త్రానికి నిలిచేవే. మా ఊళ్లో కొందరు మాత్రం ఆయిలు చెంబరు కింద పత్తికట్టె మంట పెడతారు. డీజిలు పైపూ, రబ్బరు గొట్టాలూ, పక్కనే పత్తి ట్రాలీ ఉండగా ఆ పని చూస్తే నాకు గుండె జారిపోతుంది. పత్తి బండి మార్కెట్ యార్డు వరుసలో వెనకబడితే ఆ రాత్రి అక్కడే జాగారం, ఆ భయంతోనే ఆ మంట పెడతారని తెలుసు. అయినా నాలుగు నెలల పంటను నిప్పు పక్కన పెట్టడం న్యాయం కాదు.

ఇక హైబ్రిడ్‌కు వద్దాం.

సుల్తాన్ బజార్‌లో నడిచేవారికి హైబ్రిడ్ కార్లు కొత్త కాదు. 2022 తరువాత గ్రాండ్ విటారా, హైరైడర్, ఇన్నోవా హైక్రాస్ లాంటివి నగరంలో బాగానే కనిపిస్తున్నాయి. బడీచౌడీ సందులో వెనక నుండి చప్పుడు లేకుండా వచ్చి భుజం దగ్గర ఆగే కారు ఉందంటే అది ఆ జాతిదే అయి ఉంటుంది. గాజుల బండి అతను దానికి "దొంగ బండి" అని పేరు పెట్టాడు. ఒక డిసెంబరు ఉదయం కళాశాల గేటుకు ఎదురుగా అలాంటి కారు ఒకటి ఆగి ఉంటే డ్రైవరు నన్ను అడగనే అడిగాడు: "అమ్మా, బ్యాటరీ నిండుగ జూపిస్తున్నది. అయినా పొద్దున మీట నొక్కంగనే ఇంజను ఎందుకు షురూ అయితది? ఎండాకాలం గిట్ల జెయ్యది." అతని ప్రశ్న అక్క అడిగిన ప్రశ్నకు తోబుట్టువే. సమాధానం చెప్పాలంటే ఆ బండి కడుపులో ఏముందో చూడాలి.

హైబ్రిడ్‌లో రెండు ఎడ్లు ఒకే కాడికి కట్టి ఉంటాయి. ఒకటి పెట్రోలు ఇంజను, రెండవది విద్యుత్ మోటారు. మెల్లగా కదిలేటప్పుడు మోటారు లాగుతుంది, వేగం పుంజుకున్నాక ఇంజను అందుకుంటుంది. బ్రేకు వేసినప్పుడు ఆ మోటారే డైనమోగా మారి, చక్రాల గతిశక్తిని కరెంటుగా మార్చి బ్యాటరీలో జమ చేస్తుంది. ఈ తరహా కార్లలో మొదట పెద్ద ఎత్తున తయారైనది టయోటా వారి ప్రియస్. 1997 డిసెంబరులో జపానులో అమ్మకానికి వచ్చింది. దాని రెండవ తరం కారులో 1.2 వోల్టుల నికెల్-మెటల్ హైడ్రైడ్ ఘటాలు 168 వరుసగా కలిపి 201.6 వోల్టులు తీశారు. గుణించి చూసుకోండి, సరిపోతుంది. ఇప్పటి కార్లలో చాలావాటికి లిథియం-అయాన్ ఘటాలు వాడుతున్నారు.

గమనించవలసిన విశేషం ఒకటుంది. ప్రియస్ లాంటి కార్లలో ఇంజనును తిప్పడానికి విడిగా స్టార్టరు మోటారే లేదు. ఆ పెద్ద బ్యాటరీయే, లోపలి మోటారు ద్వారా ఇంజనును తిప్పుతుంది. 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది గాని దాని పని కంప్యూటర్లను లేపడం, పెద్ద బ్యాటరీ తలుపులు తెరిచే రిలేలను నొక్కడం. అది చచ్చిపోతే పెద్ద బ్యాటరీ నిండా కరెంటున్నా బండి లేవదు. ధాన్యపు గాదె నిండుగా ఉంది, తాళంచెవి పోయింది అన్నట్టు.

పెద్ద బ్యాటరీకే చలి పడితే? ప్రియస్ యజమానులకు ఇచ్చే చేతిపుస్తకంలోనే ఒక హెచ్చరిక ఉంటుంది: బ్యాటరీ సున్నాకు దిగువన సుమారు 30 డిగ్రీలకంటే చల్లబడితే బండి లేవకపోవచ్చు, కాస్త వెచ్చబడ్డాక మళ్లీ ప్రయత్నించాలి అని. మనకు అది చదువుకోవడానికే. హైదరాబాదులో నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రతే 6.1 డిగ్రీలు, 1946 జనవరిలో. అక్కవాళ్లుండే మినియాపోలిస్‌లో 2019 జనవరి 30న సున్నాకు దిగువన 33 డిగ్రీలు పడింది.

బ్యాటరీకి చలి అంటే ఏమిటో కళ్లతో చూడాలనిపించి ఒక చిన్న ప్రయోగం చేశాను. మీరూ చేయవచ్చు. గుజరాతీ గల్లీలో ఒక మల్టీమీటరు, చిన్న టార్చి బల్బు, మామూలు టార్చిసెల్లు, రీఛార్జి చేసుకునే నికెల్ సెల్లు కొన్నాను. సుల్తాన్ బజార్ మూలన చెరుకురసం బండి దగ్గర ఐసు అడిగితే "రసం వద్దు, ఐసే గావాల్నా?" అని అతను అనుమానంగా చూశాడు. మూడు వంతుల ఐసులో ఒక వంతు గల్లుప్పు కలిపితే మిశ్రమం సున్నాకు బాగా దిగువకు పోతుంది. సిద్ధాంతం ప్రకారం దాని హద్దు సున్నాకు దిగువన 21 డిగ్రీలు. సెల్లులను ప్లాస్టిక్ సంచీలో చుట్టి ఒక గంట అందులో ఉంచి, తీసి బల్బు వెలిగించాను. మామూలు టార్చిసెల్లు బల్బు కళ తప్పి, పత్తిగింజంత ఎర్రటి చుక్క మిగిలింది. నికెల్ సెల్లుతో కాంతి తగ్గింది గాని అంతగా కాదు. బల్బు లేకుండా కొలిస్తే రెండింటి వోల్టేజీ దాదాపు మామూలుగానే చూపింది! బల్బు తగిలించగానే పడిపోయింది. నష్టమంతా అంతర్నిరోధం దగ్గర జరుగుతున్నదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కరలేదు. ఆ టార్చిసెల్లునే అరచేతుల మధ్య కాసేపు పట్టుకుంటే బల్బు మళ్లీ తేరుకుంది. అనగా కరెంటు ఎక్కడికీ పోలేదు. చలికి గడప దాటలేకపోయింది, అంతే.

లిథియం ఘటంలో మాత్రం గడప దాటలేకపోవడంతో కథ ఆగదు. ఛార్జి ఎక్కేటప్పుడు లిథియం అయానులు ద్రావకంలో ఈదుకుంటూ వచ్చి ఋణధ్రువమైన గ్రాఫైటు పొరల మధ్యకు దూరాలి. ఆదిలాబాద్ మార్కెట్ యార్డును తలచుకోండి. గేటు బార్లా తెరిస్తే వచ్చిన బండి వచ్చినట్టు లోపలికి పోతుంది. గేటు సగమే తెరిచి, బండ్లు మాత్రం అదే జోరున వస్తుంటే ఏమవుతుంది? పత్తి రోడ్డు మీదే దింపుతారు. చలిలో గ్రాఫైటు గేటు సగమే తెరుచుకుంటుంది. లోపలికి పోలేని లిథియం బయటే లోహపు పూతలా పేరుకుంటుంది. ఆ లిథియంలో కొంత మళ్లీ పనికిరాదు, బ్యాటరీ శక్తి శాశ్వతంగా తగ్గుతుంది. పూత సూదుల్లా పెరిగి అవతలి ధ్రువాన్ని తాకితే లోపలే షార్టు అవుతుంది. కనుకనే చల్లని లిథియం బ్యాటరీకి కరెంటు ఇవ్వడంకంటే పుచ్చుకోవడం ప్రమాదకరం.

ఇప్పుడు అక్క సందేహం తీరుతుంది. "చలి పొద్దున బ్రేకు నొక్కితే తెర మీద బ్యాటరీకి కరెంటు ఎక్కుతున్న గుర్తే వస్తలేదు, బండి పాడైందా" అని అడిగింది. పాడు కాలేదు. బ్యాటరీ వెచ్చబడేదాకా కారు కంప్యూటరే ఆ కరెంటును కోసి, మామూలు బ్రేకులతో బండిని ఆపుతున్నది. బండిని దులిపి అడగకుండా వదిలేస్తే, నడుస్తున్నకొద్దీ బ్యాటరీ తన అంతర్నిరోధంలో పుట్టే వేడితో తానే వెచ్చబడుతుంది. ఏ నిరోధం శత్రువో ఆ నిరోధమే పొయ్యి కూడా.

ఇంజను సంగతికొస్తే, చలి ఉదయం అది వెంటనే షురూ కావడానికి కారణాలు చాలా ఉన్నాయి. పొగగొట్టంలో ఉత్ప్రేరక పాత్ర ఉంటుంది, విషవాయువులను మార్చి విడిచిపెట్టేది. అది సుమారు 250, 300 డిగ్రీలకు వేడెక్కితేగాని పని చేయదు. చల్లని ఇంజను మొదటి ఒకటి రెండు నిమిషాల్లో విడిచే పొగే ఎక్కువ హానికరం. అందుకని కంప్యూటరు ముందు ఆ పాత్రను కాచుకుంటుంది. ఆపైన ఆయిలు పలచబడాలి, పెట్రోలు సరిగ్గా ఆవిరి కావాలి, లోపల కూర్చున్నవారికి హీటరుకు వేడినీళ్లు కావాలి. హీటరు వేసి ఉంచితే ట్రాఫిక్‌లో ఆగినా ఇంజను ఆగదు. మన డ్రైవరుకు ఇదే చెప్పాను. "అంటే బండి పొయ్యి ముట్టిస్తున్నదన్నమాట" అన్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేదు.

ఇందులో ఒక చిక్కుముడి నాకు చాలా నచ్చింది. హైబ్రిడ్ ఇంజను పొదుపరి. పెట్రోలులోని శక్తిని వృథా వేడిగా పోనివ్వదు, మాటిమాటికీ ఆగిపోతుంది. అంచేత అది వెచ్చబడడానికి మామూలు ఇంజనుకంటే ఎక్కువసేపు పడుతుంది! పొగ పోనివ్వని కొత్తరకం పొయ్యి పక్కన కూర్చుంటే చలి కాగదు కదా, అలాగ. అమెరికా ఇంధనశాఖ లెక్క ప్రకారం 25 డిగ్రీల నుండి సున్నాకు దిగువన 7 డిగ్రీలకు పోతే ఊళ్లో తిరిగే మామూలు పెట్రోలు కారు మైలేజీ సుమారు 15 శాతం తగ్గుతుంది, హైబ్రిడ్‌ది 30 నుండి 34 శాతం. చలిలో పొదుపరికే ఎక్కువ దెబ్బ.

దీనికి ఇంజనీర్లు వేసిన ఉపాయాల్లో ఒకటి విని మా అమ్మ పకపకా నవ్వింది. ఉత్తర అమెరికాలో అమ్మిన రెండవ తరం ప్రియస్‌లో ఒక ప్లాస్కు పెట్టారు, నిజంగా ప్లాస్కే. ఇంజను ఆపినప్పుడు సుమారు మూడు లీటర్ల వేడి శీతలకాన్ని అందులోకి తోడి దాస్తుంది. మూడు రోజుల దాకా వేడి నిలుస్తుంది. మరునాడు ఇంజను లేచే ముందే ఆ వేడినీళ్లను సిలిండర్ల తలలోకి పంపుతుంది. చేనుకు ఛాయ్ ప్లాస్కు తీసుకుపోయేవాళ్లకు ఇది విడమరచి చెప్పాలా! తరువాతి తరంలో ప్లాస్కు తీసేసి, పొగగొట్టంలో వృథాగా పోయే వేడినే శీతలకానికి పట్టించే ఏర్పాటు చేశారు.

ఇంకొక ఉపాయం హైబ్రిడ్‌లకంటే చాలా పాతది. చలిదేశాల్లో ఇంజను దిమ్మెకు కరెంటు హీటరు తగిలిస్తారు. దీన్ని 1940లలో అమెరికాలోని గ్రాండ్ ఫోర్క్స్ పట్టణంలో రూపొందించిన ఆండ్రూ ఫ్రీమన్, గ్రామాలకు కరెంటు ఇచ్చే సహకార సంఘానికి మేనేజరు. అంతకుముందు అక్కడి రైతులు రాత్రి ఇంజనాయిలు తీసి ఇంట్లో పొయ్యి దగ్గర పెట్టుకుని, తెల్లారి మళ్లీ పోసుకునేవారట. బాపు కాగునీళ్లకు అన్నదమ్ముల వరుస! కెనడాలో విన్నిపెగ్ లాంటి నగరాల్లో కార్లు నిలిపేచోట ఈ హీటర్ల కోసమే ప్లగ్గులు పాతి ఉంటాయి.

ఆ హీటరు ఎంతసేపు వేయాలన్నది అక్కకూ బావకూ వాదం. రాత్రంతా వేస్తే మంచిదని బావ. లెక్క వేసి పంపాను. చిన్న కారు హీటరు 400 వాట్లు. మూడు గంటలకు 1.2 యూనిట్లు, అనగా 43 లక్షల జౌళ్లు. ఇంజనును నూరు కిలోల అల్యూమినియం అనుకుంటే దాన్ని ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 90 వేల జౌళ్లు కావాలి. వేడి ఏమీ పోకపోతే 48 డిగ్రీలు పెరుగుతుంది. సగం గాలికి పోయిందనుకున్నా 24 డిగ్రీలు మిగులుతుంది. ఇంజను వెచ్చబడేకొద్దీ గాలికి పోయే వేడీ పెరుగుతుంది గనుక, కొంతసేపటికి ఇచ్చేదీ పోయేదీ సమానమై ఉష్ణోగ్రత అక్కడే నిలిచిపోతుంది. ఆ తరువాత కాలేదంతా డబ్బే. రెండు మూడు గంటలు చాలు, టైమరు పెట్టుకుంటే సరి.

బ్యాటరీకి ఈ హీటరు వేడి చేరదు, అది చాలా కార్లలో వెనక సీటు దగ్గర ఉంటుంది. ప్రియస్ తరహా కార్లలో ఒక పంకా సీటు పక్క జాలీలోంచి కారు లోపలి గాలిని పీల్చి బ్యాటరీ మీదుగా పంపుతుంది. కనుక మనుషులు కూర్చునే చోటు వెచ్చబడితే బ్యాటరీ కూడా వెచ్చబడుతుంది. కొన్ని కార్లలో బ్యాటరీకే విడిగా హీటరు ఉంటుంది. ముందు జాలీకి నురుగు పట్టీలు అడ్డం పెట్టి చలిగాలిని ఆపేవారూ ఉన్నారు. బాపు గోనెసంచి సిద్ధాంతమే అది, కాకపోతే ఎండ రాగానే తీసేయాలి.

ఇవన్నీ డబ్బుకు, మైలేజీకి సంబంధించిన సంగతులు. మా ఇంటి తగవులో అసలు ముడి ఇవి కావు.

అక్కవాళ్ల గ్యారేజి ఇంటికి అతుక్కునే ఉంటుంది. తెల్లవారి బావ కారు మీట నొక్కి, హీటరు వేసి, గ్యారేజి తలుపు మూసే ఉంచి, పది పదిహేను నిమిషాలు లోపలికి వచ్చి కాఫీ తాగేవాడు. ఎనిమిది నెలల పిల్ల వెచ్చటి కారులో ఎక్కాలని ఆయన ఆరాటం. తలుపు తీయవేమంటే "ఇది హైబ్రిడ్ కదే మరదలా, చప్పుడే లేదు, బ్యాటరీ మీద ఉంది, పొగెక్కడిది" అన్నాడు. చప్పుడు లేకపోవడమే ఇక్కడ మోసం. మనిషి చూసినప్పుడు ఇంజను ఆగి ఉండవచ్చు. మనిషి వంటింట్లోకి పోయాక హీటరు కోసం అదే లేస్తుంది, ఆగుతుంది, మళ్లీ లేస్తుంది. పైన చెప్పాను కదా, చల్లని ఇంజను మొదటి నిమిషాల పొగే చెడ్డది, ఉత్ప్రేరక పాత్ర ఇంకా కాగలేదు. అందులో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువుకంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, నిద్రమత్తు, ఆపైన లేవరు. తాళంచెవి తిప్పే పని లేని మీట కార్లను గ్యారేజిలో ఆపడం మరచి, ఇంట్లో నిద్రలోనే పోయినవారు అమెరికాలో పలువురు ఉన్నారు. మన దగ్గరా ప్రతి చలికాలం తలుపులు బిగించుకుని కుంపటి పెట్టుకున్న గదుల్లో చనిపోయినవారి వార్తలు చదువుతూనే ఉన్నాం. ఆ వాయువు ఇదే.

ఇది రసాయనశాస్త్ర సమీకరణాలతో బావకు వ్రాశాను. ఆయన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, మరదలి పాఠం ఒకంతట ఎక్కలేదు. చివరికి బాపు ఫోను తీసుకుని "అల్లుడా, నేను నలభై ఏండ్ల సంది ఇంజన్లు తిప్పుతున్న. ఒక్కనాడు పశువుల కొట్టంల తలుపు మూసి తిప్పలే" అన్నాడు. అంతే. మామగారి మాట పనిచేసింది. ఇప్పుడు వాళ్ల ఇంట్లో పడకగదుల బయట ఆ వాయువును పసిగట్టి అరిచే పరికరం ఉంది. దిమ్మె హీటరుకు టైమరు ఉంది, అది తెల్లవారి నాలుగున్నరకు వెలుగుతుంది. మీట నొక్కేది కారును గ్యారేజి బయటికి తీసేటప్పుడే. బయటికి వచ్చాక నిలబెట్టి కాచడం కూడా మానేశారు. నిలబడిన ఇంజనుకంటే మెల్లగా నడుస్తున్న ఇంజను త్వరగా వెచ్చబడుతుంది, కాబట్టి అర నిమిషం ఆగి, మొదటి రెండు మూడు మైళ్లు నెమ్మదిగా పోతారు. పిల్లకు దుప్పటి కప్పుతారు.

బాపుకు నేను కోఠీలో ఒక బ్యాటరీ దుకాణంలో హైడ్రోమీటరు కొనిచ్చాను. దీపావళి నుండి వారానికొకసారి ఆరు అరల్లోనూ ముంచి, రీడింగులు పాత పంచాంగం అంచుల్లో వ్రాస్తున్నాడు. మూడవ అర మిగిలిన అయిదింటికంటే తక్కువ చూపుతున్నదట. ఆ అర పోయే రోజు దగ్గరపడిందని అర్థం. పత్తి యార్డుకు పోయే ముందే బ్యాటరీ మార్చాలా, ఈ ఒక్క పంట లాగుదామా అని నన్నడిగాడు. మార్చమన్నాను.